అరసవల్లి కిరణం, మన నిలువురాళ్ళు: ఆకాశం లెక్క ఎవరిది?

పోస్టు కొంచెం పెద్దది. ఓపిగ్గా చదవండి, ఆఖర్న మీతో ఒక పని కూడా ఉంది.

మాయన్ల పిరమిడ్ మీద పాము నీడ దిగే వీడియో, ఇంకాల మచూపిచ్చూలో సూర్యుడి రాయి వీడియో మన ఫోన్లలోకి తరచుగా వస్తూనే ఉంటాయి. కింద కామెంట్లలో సగం మంది "ఏలియన్స్ కట్టారు" అంటారు. కొండల్లో ఉండేవాళ్ళకి, నల్లగా పొట్టిగా ఉండేవాళ్ళకి అంత లెక్క ఎలా వస్తుంది అన్నది ఆ మాట వెనక ఉన్న అనుమానం. ఆ అనుమానం మనకీ కొత్త కాదు. మేము హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నవాళ్ళం, మా ఇళ్ళల్లో కాలేజీ గుమ్మం ఎక్కిన మొదటి తరం. "మీవాళ్ళకి చరిత్ర ఏముంది, సైన్స్ ఏముంది" అనే మాట మేమూ విన్నాం. అందుకే ఈ విషయాన్ని మన జిల్లా నుంచే మొదలుపెడదాం అనుకున్నాం.

శ్రీకాకుళం పట్నాన్ని ఆనుకుని అరసవల్లి ఉంది. అక్కడి సూర్యనారాయణస్వామి గుడిని 7వ శతాబ్దంలో కళింగాన్ని ఏలిన తూర్పు గంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని చెప్తారు. ఇప్పుడు కనిపించే కట్టడం చాలావరకు 18వ శతాబ్దంలో తిరిగి కట్టినది. ఏటా మార్చి 9 నుంచి 11 వరకు, మళ్ళీ అక్టోబర్ 1 నుంచి 3 వరకు, ఉదయం సూర్యకిరణాలు గోపురం దాటి, అనివెట్టి మండపం గుండా వెళ్ళి మూలవిరాట్టు పాదాలని తాకుతాయి. అది కొద్ది నిమిషాలే. మబ్బు పడితే ఆ రోజుకి అంతే.

చాలామంది దీన్ని "పగలు, రాత్రి సమానంగా ఉండే రోజు" అని రాసేస్తారు. కానీ తేదీలు చూడండి. పగలు, రాత్రి సమానమయ్యేది మార్చి 20-21న, సెప్టెంబర్ 22-23న. అరసవల్లి తేదీ మార్చిలో దానికి పదిరోజులు ముందు, అక్టోబర్‌లో దానికి పదిరోజులు తర్వాత వస్తుంది. మరి లెక్క తప్పిందా? తప్పలేదు, లెక్క సరిగ్గా కుదిరింది. ఎలాగంటే ఇలా.

సూర్యుడు రోజూ ఒకే చోట ఉదయించడు. డిసెంబర్ 21 దగ్గర బాగా దక్షిణానికి జరిగి, అక్కడి నుంచి వెనక్కి ఉత్తరానికి నడుస్తాడు. జూన్ 21 దగ్గర ఉత్తరం కొస చేరి మళ్ళీ తిరుగుతాడు. మన జిల్లాల్లో నిలబడి చూస్తే నడితూర్పుకి అటు 25 డిగ్రీలు, ఇటు 25 డిగ్రీలు తిరుగుతాడు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు. అంటే నడితూర్పు నుంచి ఒక్కోవైపు రెండున్నర పిడికిళ్ళు. పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి, కొసలు రెండూ తప్ప ప్రతి చోటునీ ఏడాదికి రెండుసార్లు దాటుతాడు. మార్చి 10న, అక్టోబర్ 2న సూర్యుడు దాదాపు ఒకే చోట, నడితూర్పుకి సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు. గుడి దారి ఆ చోటుకి ఎదురుగా ఉంది. అందుకే రెండు తేదీలు.

మరి రెండు మూడు రోజులే ఎందుకు? ఎందుకంటే ఆ కాలంలో సూర్యుడు ఉదయించే చోటు రోజుకి దాదాపు తన వెడల్పు అంత పక్కకి జరుగుతుంది. నాలుగు రోజులు పోతే కిరణం గుమ్మం పక్క గోడకి తగులుతుంది. డిసెంబర్‌లో, జూన్‌లో అయితే సూర్యుడు కొస దగ్గర చాలా రోజులు ఆగినట్టే ఉంటాడు, అప్పుడు తేదీ అంత కచ్చితంగా పట్టలేం. ఇది తెలియాలంటే కాగితం అక్కర్లేదు. ఒకే చోట నిలబడి ఏళ్ళ తరబడి చూడాలి. పక్కవాడికి చెప్పాలి. అంతే.

అరసవల్లిలో ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడి రాతి శాసనాలు బాగా అరిగిపోయాయి. పండితులు చదవగలిగినంతలో, దేవేంద్రవర్మ వారసులు అఖండ దీపానికీ, అక్కడ శాస్త్రాలు చదివే విద్యార్థుల వసతికీ భూములు ఇచ్చినట్టు ఉంది. విద్యార్థుల వసతి అంటే హాస్టలే కదా! మన జిల్లాలో సర్కారీ హాస్టల్ రాకముందే, వెయ్యేళ్ళకి పైబడిన కాలంలో, గుడి దగ్గర ఒక హాస్టల్ ఉండేదన్నమాట. అందులో మనవాళ్ళ పిల్లలకి చోటు ఉండేదా అన్న ప్రశ్న మనం అడగాల్సిందే.

ఎందుకంటే గంగరాజులు ఖాళీ నేలమీదకి రాలేదు. వాళ్ళ తర్వాతి తామ్రశాసనాలు తమ వంశం కథ చెప్తాయి. మూలపురుషుడు కామార్ణవుడు మహేంద్రగిరి మీద గోకర్ణేశ్వరుణ్ణి కొలిచి, దిగి వచ్చి, ఇక్కడి ఒక దొరని ఓడించి కళింగం తీసుకున్నాడట. ఆ దొర పేరు ఒకచోట బాలాదిత్యుడు, ఇంకోచోట శబరాదిత్యుడు. శబరులంటే సవరలు. ఆదిత్యుడంటే సూర్యుడు. గెలిచినవాళ్ళు రాసుకున్న శాసనంలోనే ఓడిన దొర పేరులో సవరలూ ఉన్నారు, సూర్యుడూ ఉన్నాడు. వంశధార ఒడ్డున శ్రీముఖలింగం చూడండి. అక్కడి దేవుడు మధుకేశ్వరుడు. మధూకం అంటే మన ఇప్పచెట్టు. స్థలపురాణంలో కూడా సవర దొర, అతని ఇప్పచెట్టు వస్తారు. గుడి కట్టిన రాజు పేరు అందరికీ తెలుసు. చెట్టు ఎవరిదో చెప్పేది కథ మాత్రమే.

ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. "అరసవల్లి గుడి సవరలే కట్టారు" అని మేము అనడం లేదు. అలా ఆధారం లేకుండా రాస్తే "ఏలియన్స్ కట్టారు" అనేవాళ్ళకీ మనకీ తేడా ఉండదు. మేము అనేది వేరే. సూర్యుణ్ణి చూసే పని రాజుతో మొదలవలేదు.

సవర ఇళ్ళల్లో గోడ మీద వేసే బొమ్మ చూడండి. అందులో సూర్యుడు, చంద్రుడు ఉంటారు. సవర భాషలో సూర్యుడు ఉయుంగ్, సూర్యదేవుడు ఉయుంగ్‌సుమ్. వెరియర్ ఎల్విన్ సవరల మతం మీద 1955లో అచ్చైన పుస్తకంలో ఈ దేవుడి గురించి రాశాడు. చనిపోయినవాళ్ళ పేరుమీద గువార్ చేసి రాయి నాటడం సవరల పద్ధతి. ఊరి పక్కన వరసగా నిలబెట్టిన ఆ రాళ్ళు మనలో చాలామంది చూసే ఉంటారు.

రాళ్ళ గురించి చెప్పాలంటే తెలంగాణ వెళ్ళాలి. నారాయణపేట జిల్లాలో కృష్ణ ఒడ్డున ముడుమాల్ అని ఊరుంది. అక్కడ మనిషికి రెండింతలు ఎత్తున్న రాళ్ళు పదుల కొద్దీ నిలబెట్టి ఉన్నాయి. ఊరివాళ్ళు నిలువురాళ్ళు అంటారు. కొన్ని వరసలు సూర్యుడు కొసలకి చేరే రోజుల్లో ఉదయించే, అస్తమించే దిక్కులకి సరిపోతున్నాయని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆచార్యులు కె.పి. రావు గారు పరిశోధించి చెప్పారు. ఒక రాతి మీద చిన్న గుంటలు తొలిచి సప్తర్షి మండలం చూపించారు. 2025లో ఆ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాలోకి వెళ్ళింది. అదే ఏడు చుక్కల్లో నాలుగింటిని ముసలమ్మ మంచంగా, మూడింటిని ఆ మంచం ఎత్తుకుపోవాలని చూసే దొంగలుగా గోండు పెద్దలు చెప్తారు. పరిశోధకులు ఊళ్ళు తిరిగి, అడిగి, 2013లో ఆ కథల్ని ఖగోళ చరిత్ర పత్రికలో అచ్చు వేశారు. ముసలమ్మ మంచం ఇప్పుడు ప్రపంచం చదివే సైన్స్ వ్యాసంలో ఉంది. అడిగారు కాబట్టి ఉంది.

ఇప్పుడు ఇంకాల దగ్గరికి వెళ్దాం. వాళ్ళకి మన లాంటి రాత లేదు. తాళ్ళకి ముడులు వేసి లెక్క పెట్టుకునేవాళ్ళు, దాన్ని కీపు అంటారు. కుస్కో పట్నం చుట్టూ కొండల మీద స్తంభాలు నిలబెట్టి, సూర్యుడు ఏ స్తంభం దగ్గర దిగుతున్నాడో చూసి విత్తనాల వేళ తెలుసుకునేవాళ్ళని స్పానిష్ వాళ్ళు రాశారు. ఇప్పుడు అవి నిలబడి లేవు. ఇంకాల కంటే వెయ్యిన్నర ఏళ్ళకి పైగా ముందు అదే పెరూలో చాంకియో అనేచోట కొండ వీపు మీద 13 బురుజులు కట్టారు. సూర్యుడు ఏడాదంతా ఆ చివర నుంచి ఈ చివరకి బురుజుల మధ్య నడుస్తాడు. 2021లో యునెస్కో దాన్ని గుర్తించింది.

ఆండీస్ కొండల్లో రైతులు జూన్ ఆఖర్లో తెల్లవారుజామున కృత్తికలని చూస్తారు. మన తెలుగులో పిల్లలకోడి అంటామే, అవే. చుక్కలు తేటగా మెరిస్తే బంగాళాదుంప వేళకి వేస్తారు, మసగ్గా ఉంటే కొన్ని వారాలు ఆగుతారు. దీన్ని మూఢనమ్మకం అనుకున్నారు. 2000లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ఏం తేల్చిందంటే, ఎల్‌నినో ఏడాదిలో పైన పల్చని మబ్బు ఎక్కువ, అందుకే చుక్కలు మసక, ఆ ఏడు వానలు తక్కువ. చదువులేని రైతు చూపు నిజమైంది.

మాయన్లకి రాత ఉంది. డ్రెస్డెన్ గ్రంథంలో శుక్రుడి చుట్టు 584 రోజులని, అలాంటివి ఐదైతే సరిగ్గా 8 ఏళ్ళని పట్టిక వేశారు. 5 సార్లు 584, 8 సార్లు 365, రెండూ 2920. చేసి చూడండి. చిచెన్ ఇట్జా పిరమిడ్‌కి నాలుగువైపులా 91 మెట్లు, పైన ఒకటి, మొత్తం 365. పాము నీడ మాత్రం చాలా రోజులు కనిపిస్తుంది కాబట్టి, అది కావాలని చేసిందా కాదా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. 1562లో మనీ అనే ఊళ్ళో దియేగో ద లాండా అనే మతగురువు మాయన్ పుస్తకాలని తగలబెట్టించాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద మిగిలినవి నాలుగే. కానీ మాయన్లు మాయమైపోలేదు. లక్షల మంది ఇంకా ఉన్నారు. గ్వాటెమాలా కొండల్లో 260 రోజుల లెక్కని పెద్దలు నేటికీ నోటితో నడుపుతున్నారు. పుస్తకం కాలినా, చెప్పేవాళ్ళు, వినేవాళ్ళు ఉన్నచోట లెక్క బతికింది.

మనకి పుస్తకాలు తగలబెట్టే అవసరం ఎవరికీ రాలేదు. మనం వినడం మానేస్తే చాలు. పదేళ్ళు హాస్టల్లో ఉండి ఊరికి వెళ్తే, పోడు ఎప్పుడు కాల్చాలో, కందికొత్తలు ఎప్పుడు చెయ్యాలో తాతకి తెలుసు, మనకి క్యాలెండర్ కావాలి. ఆ తాత వెళ్ళిపోతే అడగడానికి ఎవరూ ఉండరు. గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేశారు. బయటివారు అంత చేశారు. మనకి ఫోన్ ఉంది, భాష ఇంట్లోనే ఉంది.

అందుకని మీతో పని ఇది.

ఒకటి. సెలవలకి ఊరికి వెళ్ళినప్పుడు ఒకే రాయి మీద నిలబడి, సూర్యుడు ఏ కొండ, ఏ చెట్టు పక్కన లేచాడో ఫోటో తీసి తేదీ రాయండి. మార్చి 10న తీసినవాళ్ళు అక్టోబర్ 2న మళ్ళీ తీయండి.

రెండు. మే 13 దగ్గర, జులై 31 దగ్గర మన జిల్లాల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదకి వస్తాడు. మాయన్ల దేశంలోనూ ఏడాదికి రెండుసార్లు ఇలాగే వస్తాడు. మధ్యాహ్నం 12కి కాస్త అటూఇటూ హాస్టల్ పెరట్లో నిటారుగా కర్ర పాతితే నీడ కనిపించదు. జూనియర్లకి చూపించండి.

మూడు. అవ్వని, తాతని, ఊరి పెద్దని అడగండి. సవర, జాతాపు, గదబ, కొండదొర భాషల్లో, మాటల్లో పిల్లలకోడికి ఏం పేరు, ఏడు చుక్కలకి ఏం కథ, ఏ చుక్క లేస్తే విత్తనం. వాళ్ళ మాటల్లోనే రికార్డు చెయ్యండి. ఊరి పేరు, తేదీ రాయండి. ముందు వాళ్ళని అడిగి, ఒప్పుకుంటేనే ఇక్కడ పెట్టండి.

నాలుగు. ఊరి నిలువురాళ్ళు ఎన్ని, ఏ దిక్కుకి ఉన్నాయో రాసిపెట్టండి. రాయి కదపొద్దు, బొట్టు చెరపొద్దు. అవి మన పెద్దలు.

వచ్చిన పేర్లన్నీ ఒక్క పట్టికలో చేర్చే పని మా రూములో నలుగురం తీసుకుంటాం. కామెంట్లో ఊరి పేరుతో మొదలుపెట్టండి.

జోహార్.