ఆవిరి చెర వీడిన కాఫీ

కాఫీ షాపులో పాత ఎస్ప్రెసో యంత్రం తీసేసి కొత్తది పెట్టాలనుకునే యజమాని ముందు ధర అడుగుతాడు, తర్వాత గంటకు ఎన్ని కప్పులని అడుగుతాడు. నూట నలభై ఏళ్ల చరిత్రను వెనుదిరిగి చూస్తే అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న ఒకటుంది. వేడినీ పీడనాన్నీ కలిపి వేసిన ముడిని ఈ యంత్రం ఎంతవరకు విప్పింది?

ఆ ముడి తొలి యంత్రాలతోనే పడింది. 1884లో ట్యూరిన్ ప్రదర్శనలో ఆంజెలో మొరియోండో పెట్టిన యంత్రం ఆవిరి బలంతో ఒకేసారి బోలెడు కాఫీ దించేది. 1901లో మిలాన్‌వాసి లుయిజి బెజ్జెరా ఏ కప్పుకు ఆ కప్పు దించే పద్ధతికి పేటెంటు కోరాడు. ఆ హక్కులు కొన్న దెసిదేరియో పవోని 1906 మిలాన్ ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించాడు. నిలువెత్తు బాయిలర్లతో ఆ యంత్రాలు చూడముచ్చటగా ఉండేవి. కాఫీ మాత్రం చేదు. నీళ్లను తోయాల్సింది ఆవిరే కాబట్టి పీడనం ఒకటిన్నర బార్ దగ్గరే ఆగిపోయేది. పెంచుదామంటే నీళ్లు ఇంకా కాగాలి, కాగితే పొడి మాడుతుంది.

ఈ చిక్కు నుంచి కాఫీని బయటపడేసినవాడు అకిల్లె గాజ్జా. మిలాన్‌లో కాఫీ బార్ నడిపిన ఆయన 1938లో తొలి పేటెంటు కోరాడు. యుద్ధం ముగిశాక, 1947లో, స్ప్రింగుతో నడిచే పిస్టన్‌ను తెచ్చాడు. మీట కిందికి లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది, వేడినీళ్లు పొడి మీదికి చేరతాయి. మీట వదిలితే స్ప్రింగు ఆ నీళ్లను ఎనిమిది నుంచి పది బార్ల ఒత్తిడితో కిందికి నెడుతుంది. ఇక ఆవిరి తోయనక్కర్లేదు, నీళ్లు మరగనక్కర్లేదు. డికాషన్ మీద మునుపెన్నడూ లేని బంగారు రంగు నురగ తేలింది. ఆ తర్వాత ఎన్ని యంత్రాలొచ్చినా ఇంత పెద్ద మలుపు మరొకటి లేదని నా నమ్మకం.

స్ప్రింగు చేసే పనిని 1961లో ఫయేమా కంపెనీ తన ఇ61 యంత్రంలో కరెంటు పంపుకు అప్పగించింది. తొమ్మిది బార్ల ఒత్తిడి నిలకడగా వచ్చింది, మీట లాగే చేతికి శ్రమ తగ్గింది. ఆ ఏడాది వచ్చిన సూర్యగ్రహణమే దాని పేరుకు మూలం. 1970లో ఫ్లోరెన్స్‌కు చెందిన లా మార్జోకో తన జీఎస్ యంత్రంలో కాఫీకొక బాయిలర్, పాలు నురగ కట్టించే ఆవిరికొక బాయిలర్ పెట్టింది. మన పెళ్లి విందుల్లో ఎస్ప్రెసో పేరుతో ఇచ్చే కాఫీలో ఈ రెండో సగమే ఉంటుంది: ఆవిరితో నురగెత్తిన పాలు, ఇన్‌స్టంట్ పొడి. దాని రుచి దానిది, కానీ ఒత్తిడితో డికాషన్ తీసే పని అందులో లేదు.

తర్వాత ఎలక్ట్రానిక్ నియంత్రణ వచ్చి ఉష్ణోగ్రతను డిగ్రీలో కొద్ది వంతు తేడాకు కట్టడి చేసింది. మీట నొక్కితే పొడి కొట్టడం నుంచి కప్పు నింపడం దాకా తానే చేసుకునే ఆటోమేటిక్ యంత్రాలూ వచ్చాయి. అవి వేగం పెంచాయి కానీ ఎత్తుగా ఉండి కాఫీ చేసే మనిషిని కప్పేశాయని, దుకాణంలోని ఆకర్షణను చాలావరకు పోగొట్టాయని 2007లో స్టార్‌బక్స్ అధిపతి హోవర్డ్ షుల్జ్ తన అధికారులకే రాశాడు. ఆయన చెప్పింది సబబే. తర్వాత వచ్చిన కొన్ని ఖరీదైన యంత్రాలు కప్పు దిగుతుండగానే ఒత్తిడిని పెంచి తగ్గించే వీలును మళ్లీ మనిషి చేతికే ఇచ్చాయి.

ఇప్పుడు దొరికే మంచి రెండు బాయిలర్ల యంత్రంలో ఈ ముడి దాదాపు విడిపోయినట్టే. అలాంటిది ఉన్న షాపులో ఇంకా రుచి కుదరకపోతే, మరో యంత్రానికి లక్షలు పోసే ముందు గ్రైండర్ పళ్లను, నీటి కాఠిన్యాన్ని చూడాలి.