తూటాల పెట్టె చెప్పే చరిత్ర

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో షాదీపూర్ ఒక జనావాసం. వివాహమని అర్థమిచ్చే ‘షాదీ’ అనే మాట ఆ పేరులో వినిపిస్తుంది. 1858లో ఆరంభమైన అండమాన్ శిక్షావాసంలో సత్ప్రవర్తన చూపిన ఖైదీలకు పెళ్లి చేసుకొని, సొంతంగా కాపురం ఉండే అనుమతి లభించేది. అయితే ఆ సంసారాలు సైతం తుపాకీ నీడలోనే సాగాయి.

తెలుగువారిని ఆ దీవులకు చేర్చిన ఒక గాథలోనూ తుపాకులున్నాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు నాయకత్వాన మన్యం వీరులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి జరిపి 26 తుపాకులను, రెండు వేలకు పైగా తూటాలను చేజిక్కించుకున్నారు. ఆ తిరుగుబాటు అణగిన పిదప శిక్షపడినవారిలో కొందరు సెల్యులర్ జైలు పాలయ్యారు. పాలకులు భయపడినది సరిగ్గా ఇందుకే: భారతీయుడి చేతికిచ్చిన తుపాకీ ఏ క్షణాన ఎటు తిరుగుతుందో తెలియదు. ఆ భయం ఎంత లోతైనదో తెలుసుకోవడానికి త్రీనాట్‌త్రీ అని మన జనం పిలుచుకున్న లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలును విప్పి చూస్తే చాలు.

1895లో ఈ పేరుతో వెలువడిన ఆ రైఫిలుకు ప్రాణం జేమ్స్ ప్యారిస్ లీ రూపొందించిన తూటాల పెట్టె. దానిలో పది తూటాలు రెండు వరుసలుగా అమరుతాయి. అడుగునున్న స్ప్రింగు వాటిని పైకి నెడుతుంది. పెట్టె అంచున పెదవులవలె వంగిన రేకు పైతూటాను ఆపి ఉంచుతుంది. సిపాయి బోల్టును వెనుకకు లాగి ముందుకు తోసినప్పుడు ఆ తూటా జారి గొట్టంలోకి చేరుతుంది.

యంత్రం సరళమైనదే కాని, దాని లోపాలు సూక్ష్మమైనవి. ఈ తూటా అడుగున వెలుపలికి పొడుచుకొని వచ్చిన అంచు ఉంటుంది. పైతూటా అంచు కిందితూటా అంచుకు ముందు ఉండాలి. వెనుక పడితే రెండూ ఒకదానినొకటి పట్టుకొని బోల్టు కదలదు. రేకు పెదవి కాస్త విచ్చుకున్నా, కాస్త ముడుచుకున్నా తూటా ముక్కు దారి తప్పుతుంది. స్ప్రింగు సడలితే తూటా పైకి రాదు. అందుచేత ఆయుధశాలలోని మరమ్మతు నిపుణుడు మొదట తుప్పు, మురికి తీసి, స్ప్రింగు బలం చూసి, ఆ తరువాతనే పెదవులను పట్టకారుతో వెంట్రుకవాసి సవరించేవాడు.

ఇవి కాలం తెచ్చిన లోపాలు. మనిషి కోరి పెట్టిన అడ్డంకులు వేరు. తొలినాటి రైఫిళ్లలో పెట్టెకు పైన అడ్డంగా జరిగే ఒక రేకు ఉండేది. అది మూసి ఉంటే తూటాలు నిండుగా ఉన్నా బోల్టు వాటిని అందుకోలేదు. పెట్టెలోని పదింటిని ఆపత్కాలానికి దాచి, అంతవరకు ఒక్కొక్కటిగా చేతితో నింపి కాల్చాలన్నది సేనానుల ఉద్దేశం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ రేకును తొలగించారు.

భారతీయ పోలీసులకోసం, జైలు కాపలాదారులకోసం మార్చిన తుపాకులలో మాత్రం అడ్డంకి శాశ్వతమైంది. పాయింట్ నాలుగు వందల పది మస్కెట్ అని పిలువబడిన ఈ రకంలో రైఫిలు గొట్టంలోని మరగాడులను తొలగించి నునుపు చేశారు. తూటాల పెట్టె ఉండవలసిన చోట చెక్కదిమ్మ బిగించారు. పది తూటాల ఆయుధం ఒంటి తూటా ఆయుధమైంది. 1857 తరువాత భారతీయ సిపాయికి ఎల్లప్పుడూ ఒక తరం వెనుకటి తుపాకీ ఇచ్చిన విధానానికి, 1878 ఆయుధాల చట్టానికి ఇది కొనసాగింపుగానే తోస్తుంది. కాపలాదారును కూడా కాపలా కాయవలసిన ప్రభుత్వం అది.

స్వాతంత్ర్యానంతరం హుగ్లీ తీరాన ఉన్న ఇషాపూర్ కర్మాగారమే 1960లలో ఈ రైఫిలును కొత్త తూటాకు అనువుగా మార్చి, పన్నెండు తూటాల పెట్టెతో తయారుచేయడం గమనార్హం. ఒకనాడు చెక్కదిమ్మతో మూసిన చోటనే స్వతంత్ర దేశం రెండు తూటాలు అదనంగా చేర్చుకుంది.

మన ప్రదర్శనశాలలకు, పాత ఆయుధశాలలకు దీని నుండి ఒక హెచ్చరిక ఉంది. తూటా అందుకోని పాత తుపాకీ కనబడగానే బాగుచేయాలన్న తొందర సహజం. కాని పెదవి వంగితే అది లోపం. రేకు మూసి ఉంటే అది ఆజ్ఞ. చెక్కదిమ్మ ఉంటే అది రాజ్యనీతి. మొదటిదానిని అర్హుడైన నిపుణుడు సవరించవచ్చు. చివరిదానిని ఊడదీసి పెట్టె అమర్చితే తుపాకీ బాగుపడినట్లు కనిపిస్తుంది, సాక్ష్యం మాత్రం చెరిగిపోతుంది. షాదీపూర్ వంటి ఊళ్ల తొలి తరాలపై నిఘా వేసిన ప్రభుత్వం తన సేవకులనే నమ్మలేదనడానికి, ఆ చిన్న కొయ్యముక్క మించిన దస్తావేజు అరుదు.