మెదడు కణములకు గడువు

మడికొండలో ఒకరికి రాత్రివేళ మూతి వంకరపోయి, ఒక చేయి పడిపోయి, మాట తడబడినదనుకొనుడు. తెల్లవారిన తరువాత వరంగల్లు ఆసుపత్రికి పోవచ్చునని ఇంటివారు తలచిన, ఈలోపల మెదడునకు ఏమగును?

మెదడు బరువు శరీరపు బరువులో నూటికి 2 వంతులే. కాని శరీరము వినియోగించు ప్రాణవాయువులో సుమారు అయిదవ వంతు దానికే కావలెను. ఇంత వ్యయముగల అవయవమునకు శక్తి నిలువ దాదాపు లేదు.

ఆ శక్తి ఏ రూపమున నుండునో కండరమును పరిశోధించుటవలన తెలిసినది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికా చేరి, హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలసి పనిచేసిరి. వారిరువురు 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటును వెల్లడించిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ ఈ రెండవదానిని స్వతంత్రముగా కనుగొనెను. ఏ.టి.పి. అని పిలువబడు ఈ పదార్థమే జీవకణములలో శక్తికి చలామణి నాణెమని తరువాత తేలినది.

నాడీకణము సోడియమును వెలుపలికి పంపుచు, పొటాసియమును లోపల నిలుపుకొనుటకు ఏ.టి.పి.ని ఎడతెగక ఖర్చుచేయును. రక్తము తగ్గినచో ఏ.టి.పి. తరుగును. అంతట సోడియముతోబాటు నీరు చొచ్చి కణము ఉబ్బును. గ్లుటమేటు వెలికి పొర్లి పొరుగు కణములను మితిమీరి ఉద్రేకపరచును. కాల్షియము వానిలో జొరబడి వానిని చంపును.

అయినను కణములన్నియు ఒకేసారి చావవు. మెదడులో 100 గ్రాములకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల రక్తము పారును. అది 20కి దిగిన కణము పని మానును. 10కి దిగిన త్వరలో మరణించును. ఈ రెంటి నడుమ నున్నవి మూగవైనను సజీవములే. 1981లో ఆస్ట్రప్, సీష్యో, సైమన్ అను శాస్త్రజ్ఞులు ఈ ప్రాంతమును గ్రహణకాలపు ఉపచ్ఛాయతో పోల్చిరి.

ఉపచ్ఛాయలోని కణములను కాపాడుటకు గ్లుటమేటును అడ్డగించు మందులు పెక్కు పరీక్షింపబడినవి. జంతువులలో ఫలించినవి రోగులలో చాలవరకు విఫలమైనవి. రక్తమును మరల పారించుటయే మేలని రుజువైనది. 3 గంటలలోపల ఇచ్చిన టి.పి.ఏ. అను గడ్డ కరగించు మందు ప్రయోజనకరమని 1995లో తేలినది. పెద్ద ధమనిలోని గడ్డను సన్నని గొట్టముద్వారా లాగివేయు పద్ధతి 2015లో నిలదొక్కుకొన్నది. అయితే మెదడులో రక్తస్రావమైనచో ఆ మందు ప్రమాదకరము. అందుచేత ముందు సి.టి. పరీక్ష తప్పదు.

పెద్ద ధమని మూసికొనిపోయినపుడు నిమిషమునకు సుమారు 19 లక్షల నాడీకణములు నశించునని 2006లో జెఫ్రీ సేవర్ లెక్కకట్టెను. కావున మడికొండలోని ఆ ఇంటివారు తెల్లవారువరకు ఆగరాదు. లక్షణములు మొదలైన వేళను గుర్తుంచుకొని, వెంటనే 108కి ఫోనుచేసి, సి.టి. యంత్రముగల ఆసుపత్రికి రోగిని చేర్చవలెను. కణములో ఏ.టి.పి. ఇంకను మిగిలియున్నంత వరకే వైద్యునకు గడువు.