పెరటి గన్నేరు, ఇంటి పిల్లి



పద్మనాభం అనగానే 1794 జూలై 10వ తేదీ జ్ఞాపకం వస్తుంది. ఆనాడు యీ పద్మనాభం దగ్గరే విజయనగరం ప్రభువు చిన విజయరామరాజుగారు ఈస్టిండియా కంపెనీ సేనతో పోరాడి ప్రాణాలు విడిచారు. అది రాజుల చరిత్ర. మన పెరటి పూలకు గూడా చరిత్ర వున్నది. నేడు గన్నేరు చరిత్ర చెప్పుకుందాం. గన్నేరు వున్న పెరట్లో పిల్లి తిరిగితే ప్రమాదమా అంటే, ప్రమాదమే. ఆ సంగతి పెద్దలు చెట్టు పేరులోనే చెప్పి పెట్టారు.

సంస్కృతంలో గన్నేరు కరవీరం. అమరకోశం దానికే హయమారకమని మరో పేరు చెప్పింది. హయమంటే గుర్రం. గుర్రాన్ని చంపేది హయమారకం. సుశ్రుత సంహిత యెనిమిది వేరు విషాలను లెక్కించి, వాటిలో అశ్వమారమని దీనిని చేర్చింది. గుర్రాలు మేసి చావడం కళ్ళారా చూసినవారే యీ పేరు పెట్టి వుంటారు.

గన్నేరు ఆకు, పువ్వు, కొమ్మ, వేరు, అన్నింటా గుండెను దెబ్బతీసే విషం వున్నది. పచ్చి ఆకు చేదు గనుక పశువు మామూలుగా ముట్టదు. ఎండినా విషం మాత్రం పోదు. ఎండుటాకు గడ్డిలో కలిసిందా, పశువు తెలియక తినేస్తుంది.

తరువాతి కాలంలో విదేశాల నుంచి మరో రెండు మొక్కలు వచ్చాయి. పచ్చగన్నేరు అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతాలది. బిళ్ళగన్నేరు మడగాస్కర్ దీవిది. మనవాళ్ళు రెండింటినీ గన్నేరులే అన్నారు. పేరు కలిసింది గాని పాత హెచ్చరిక వెంట రాలేదు. పచ్చగన్నేరుది గుండె విషమే. గింజలో మరీ హెచ్చు. బిళ్ళగన్నేరు దారి వేరు. అది మధుమేహానికి పనికివస్తుందేమోనని కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్ పరిశోధించగా, ఎలుకల రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి. ఆ కారకాన్ని వేరుచేసి 1958లో ప్రకటించారు. అదే విన్‌బ్లాస్టిన్ అనే క్యాన్సర్ మందు. డాక్టరు చేతిలో కొలతగా వుంటే మందు. పెరట్లో నమిలితే విషం.

పిల్లి మాంసాహారి గదా, ఆకు జోలికెందుకు పోతుందంటారా? గడ్డి, ఆకులు కొరకడం దానికి అలవాటే. నిండు గుర్రాన్ని పడగొట్టే విషానికి నాలుగు కిలోల పిల్లి యేపాటిది? గాదె దగ్గర ఎలుకలను కాచే ప్రాణి అది. పోగొట్టుకుంటే నష్టం మనదే.

కనుక గన్నేరు కొట్టిన కొమ్మలు పశువులసాల వైపు వేయకండి, పొయ్యిలో పెట్టకండి. పొగ గూడా హానికరమే. వీలైతే పాతిపెట్టండి. పూలు వుంచిన నీళ్ళు పిల్లికి అందనీయకండి. పిల్లి చొంగ కార్చినా, వాంతులు చేసుకున్నా, తూలి పడినా నాటువైద్యం చేయకండి. ఉప్పునీళ్ళు పోసి కక్కించకండి. కొరికిన కొమ్మతో సహా వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోండి.

పిల్లి మసలే చోట పూలు కావాలంటే మల్లె, గులాబి వేసుకోండి. వాటిలో పిల్లికి విషం లేదు. గన్నేరును గట్టు అవతల వుంచండి. విస్తరణ కార్యకర్తలు గూడా గ్రామాల్లో మొక్కలు పంచేటప్పుడు, పేరుతోపాటు ఆ పేరులోని హెచ్చరికనూ చెప్పి పంచవలసి వున్నది.