చెట్టునకు కట్టిన రక్ష



తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములు సమతలమైన డెల్టా భూములు. ఎక్కడో కొండవాలున చెట్లు నరికినచో మనకేమని కొందరు మమ్ము అడుగుచుందురు. మన పొలములకు ప్రాణమైన కృష్ణవేణి సహ్యాద్రిపై మహాబలేశ్వరమున పుట్టినదే కదా! కొండ చెడినచో దాని ఫలము దిగువవారు అనుభవింపవలసినదే. హిమాలయ గ్రామముల చరిత్ర ఇందుకు నిదర్శనము.

1970లో అలకనందకు ఘోరమైన వరద వచ్చెను. చెట్లు పోయిన వాలున వేళ్ల పట్టు సడలి, వాననీరు ఇంకక, మట్టితో సహా ఏటిలోనికి దూకునని అచటివారు గ్రహించిరి. 1974 మార్చి 26న చమోలీ జిల్లాలోని రేణీ గ్రామమునకు, మగవారు ఊరిలో లేని సమయమున, గుత్తేదారు కూలీలు గొడ్డళ్లతో వచ్చిరి. గౌరాదేవి తోడి స్త్రీలను వెంటబెట్టుకొని అడ్డు నిలిచెను. అడవి తమకు పుట్టినిల్లని వారు వాదించిరి. కూలీలు మరలిపోయిరి. 1977లో టిహరీ ప్రాంతపు అద్వానీ అడవిలో, నరుకుటకు గుర్తువేసిన చెట్లకు స్త్రీలు రక్షాసూత్రములు కట్టిరి. తుదకు 1980లో ఆ పర్వత ప్రాంతమున 1000 మీటర్లకు ఎగువన పచ్చని చెట్లను నరుకుట 15 ఏండ్లపాటు నిషేధింపబడెను.

ఆ 1977 మనకును మరపురాని సంవత్సరము. నవంబరు 19న, పవిత్ర కార్తికమాసమున, తుపాను దివిసీమను ఉప్పెనలో ముంచి, రేపల్లె, బాపట్ల తీరములను అతలాకుతలము చేసెను. వేలాదిమంది అసువులు బాసిరి. అటుపిమ్మట తీరమున సరుగుడు తోటలు పెంచిరి. సరుగుడు గాలి ఉద్ధృతిని తగ్గించును. నిజాంపట్నము కడనున్న మడ అడవి అలల ఉద్ధృతిని తగ్గించును. కొండలేని మన సీమకు అవియే కొండ.

ఏటేట కార్తికమున ఉసిరిచెట్టు క్రింద వనభోజనము చేయుదుము. రావిచెట్టునకు దారము చుట్టి ప్రదక్షిణము చేయుదుము. రహదారికో, ప్రహరీకో అదే చెట్టును కొట్టునపుడు మాత్రము మిన్నకుందుము. మేము ఇతరులను నిందించుట లేదు. పూర్వమొక ఆలయమున మండపము కొరకు రావిచెట్టును తొలగించినపుడు, శంకుస్థాపనకు ముహూర్తము పెట్టి ఇచ్చినది మేమే. మండపమును నాలుగు మూరలు జరుపరాదా యని ఆనాడు ఒక్కమాట అడుగలేకపోతిమి. ఆ కొరత నేటికిని మమ్ము బాధించుచున్నది.

రక్ష యనగా కాపాడుట. దారము కట్టినవారికి కాపాడు బాధ్యతయు కలదు. ఈ కార్తికమున తాము పూజించు చెట్టునకు గొడ్డలి వచ్చినచో, కనీసము ఆ ఒక్కమాట అడుగుదుమని ప్రతి కుటుంబమును సంకల్పము చెప్పుకొనవలెనని మా ప్రార్థన.

శుభమ్.