మూడు ఊళ్ళు, నాలుగేసి అక్షరాలు



మా బీబీపేట, జిల్లా కేంద్రమైన కామారెడ్డి, అదే జిల్లాలోని ఎల్లారెడ్డి. ఈ మూడు పేర్లలోనూ నాలుగేసి అక్షరాలే ఉన్నాయి. ఛందస్సు చదివినవారెవరైనా వేళ్ళమీద లెక్కించి ఆ మాటే చెబుతారు. కంప్యూటరును అడిగితే మాత్రం మొదటిదానికి 7, రెండవదానికి 10, మూడవదానికి 11 అంటుంది. యంత్రం లెక్క తప్పడం లేదు. అది లెక్కించే వస్తువే వేరు. ఈ భేదం ఎట్లా వచ్చిందో తెలియాలంటే, తెరమీద మనం పేరు వ్రాసే ఆ చిన్న పెట్టె కథ కొంత తెలుసుకోవాలి.

పూర్వపు ప్రోగ్రాములు ఒక ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా కదలక నిలిచేవి. ఎంటరు మీట నొక్కగానే ఆ పంక్తిని అందుకొనేవి. 1970 దశకంలో కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధనాలయంలో కిటికీలు, మౌసు ఉన్న తెర రూపు దిద్దుకొన్నది. 1984లో మెకింతోష్, 1985లో విండోస్ దానిని మన బల్లలమీదికి తెచ్చాయి. దానితో పెత్తనం చేతులు మారింది. వ్రాసేవాడు తనకు తోచిన పెట్టెలో ముందు వ్రాస్తాడు, చెరుపుతాడు, మళ్ళీ వ్రాస్తాడు. ప్రోగ్రాము కనిపెట్టుకొని ఉంటుంది. అతడు బొత్తాము నొక్కిన తరువాతనే అది పెట్టెను "నీలో ఏమున్నది?" అని అడుగుతుంది. విజువల్ బేసిక్‌లో ఆ ప్రశ్నను 'టెక్స్ట్' అనీ, జావాలో 'గెట్‌టెక్స్ట్' అనీ వ్రాస్తారు. గమనించవలసినది ఒక్కటే. పెట్టె మనకు చూపేది అక్షరాల బొమ్మ. ప్రోగ్రాముకు ఇచ్చేది సంఖ్యల వరుస.

1990 దశకపు తెలుగు ఫాంట్లలో ఈ రెంటికీ పొత్తు కుదరలేదు. ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు తలకట్లు, కొమ్ములు, వత్తులు కూర్చోబెట్టేవారు. కంటికి తెలుగే. ప్రోగ్రాము చదివితే మాత్రం అర్థంలేని రోమను అక్షరాల గుంపు. ఫాంటు మారితే చాలు, కంటికి కూడా అంతే. అకారాదిక్రమంలో పేర్చడానికి, వెదకడానికి అది పనికిరాదు. అట్లాంటి పాత రాతలను యూనికోడులోకి మార్చడానికి మనలో ఎందరు 'పద్మ'ను ఆశ్రయించారో జ్ఞాపకం ఉండే ఉంటుంది.

తెలుగు అక్షరానికి తనదైన సంఖ్య భారతీయ ప్రమాణమైన ఇస్కీలోను, 1991లో వెలువడిన యూనికోడులోను దక్కింది. యూనికోడు తెలుగుకు 128 గడులు కేటాయించింది. అయితే పట్టా చేతికి రాగానే ఇల్లు లేవదు కదా! విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి చోటు దొరికింది. మనకు 2001లో వచ్చిన ఎక్స్‌పీలో, గౌతమి ఫాంటుతో దొరికింది. అప్పటికి విరివిగా వాడుకలో ఉన్న విజువల్ బేసిక్ 6 లోపల యూనికోడునే దాచుకొనేది, కాని దాని పెట్టెలు మాత్రం పాత సంకేతపటాల మీదనే నడిచేవి. తెలుగుకు విండోస్‌లో అట్లాంటి పటమే లేదు. అందుచేత ఆ పెట్టెలో తెలుగు పెట్టి చదివిస్తే చేతికి వచ్చేవి ప్రశ్నార్థకాలు. 2002లో వచ్చిన డాట్‌నెట్, జీటీకే 2 పెట్టెలలో ఆ చిక్కు తీరింది. 'లేఖిని' పైపెట్టెలో రోమనులో వ్రాసి, క్రిందిపెట్టెలోని తెలుగును తెచ్చి అతికించుకొన్న మనం ఆ మార్పు ఫలాన్ని అనుభవించినవాళ్ళమే.

ఇక లెక్క సంగతి. ఎల్లారెడ్డిలో అక్షరాలు 4. వ్యాకరణం ప్రకారం వర్ణాలుగా విడదీస్తే 9. యూనికోడు గుర్తులు 11: అచ్చు ఎ ఒకటి, హల్లులు ఐదు, పొల్లులు రెండు, దీర్ఘమూ ఎత్వమూ గుడీ కలిసి మూడు. యంత్రం ఇటు అక్షరాన్నీ లెక్కించదు, అటు వర్ణాన్నీ లెక్కించదు. హల్లును అకారంతో కలిపి ఒకటిగా తీసుకొని, పొల్లును వేరుగా లెక్కిస్తుంది. పది గుర్తులకు మించరాదని పెట్టెకు హద్దు పెడితే కామారెడ్డి సరిగ్గా ఇముడుతుంది. ఎల్లారెడ్డి గుడి పోగొట్టుకొని 'ఎల్లారెడ్డ' అవుతుంది. హద్దు బైట్లలో ఉంటే మరీ కష్టం. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు. 20 బైట్ల గదిలో 21 బైట్ల బీబీపేట పట్టదు. చివరి 'ట' నడుమకు విరుగుతుంది. ఊరి పేరైతే ఊహించి సరిదిద్దుకొంటాము. బడి రిజిస్టరులోనో, భూమి కాగితంలోనో మనిషి పేరు ఇట్లా తెగితే, ఆ మనిషి తాను తానేనని రుజువు చేసుకొంటూ తిరగవలసివస్తుంది.

చూపుకు ఒకటైనవి సంఖ్యలలో రెండు కావచ్చును. 'కై' లోని ఐత్వాన్ని ఒక గుర్తుగానూ వ్రాయవచ్చు, ఎత్వమూ దాని క్రింది గుర్తూ అని రెండుగానూ వ్రాయవచ్చు. పోల్చేముందు రెంటినీ ఒక రూపానికి తేకపోతే ఒకే పేరు ఇద్దరు మనుషులవుతుంది. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞ'కూ దీర్ఘానికీ నడుమ కనబడని విభాజకం ఒకటి చేరిన సందేశం వచ్చి, ఐఫోను ప్రోగ్రాములు కుప్పకూలిన సంగతి లోకమంతా విన్నది. ఆ నెలలోనే మరమ్మతు వచ్చింది. జ్ఞానానికి మొదటి అక్షరం ఫోనును పడగొట్టిందని నవ్వుకొన్నాము. తెలుగుతో తగినంతగా పరీక్షించి ఉంటే ఆ నవ్వు అవసరపడేది కాదు.

చదువరి ఒక్కటిగా చూసే గుర్తుల గుంపును గుర్తించడానికి యూనికోడులో నియమాలున్నాయి. చాలాకాలం ఆ నియమాలు సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర విరిచి, ఎల్లారెడ్డిని 6 ముక్కలుగా లెక్కించేవి. 2023 సెప్టెంబరులో వచ్చిన 15.1వ కూర్పులో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులకు కొత్త నియమం చేరింది. దాని ప్రకారం ఎల్లారెడ్డిలో ఎ, ల్లా, రె, డ్డి, అంటే సరిగ్గా 4. గణవిభజనకు మనవారు వేయేండ్లుగా వాడుతున్న కొలతకు యంత్రశాస్త్రం చేరుకోవడానికి ఇంతకాలం పట్టింది.

అయితే నియమం పుస్తకంలో ఉన్నంతమాత్రాన ప్రతి ప్రోగ్రామూ దానిని పాటించదు. మన పిల్లలలో ప్రోగ్రాములు వ్రాసేవారు ఇంటింటా ఉన్నారు. పేరు కోసం పెట్టె కట్టేటప్పుడు దానిని కాస్త విశాలంగా కట్టమనీ, ఆంగ్ల నామంతో సరిపెట్టక ఒకసారి 'ఎల్లారెడ్డి' అని వ్రాసి, తిరిగి చదివి చూసుకొమ్మనీ వారికి చెప్పండి.