బాకా కూడు పెడుతుందా?

బిడ్డ స్కూలు బ్యాండులో చేరతానంటే మన ఇళ్ళలో ముందు పుట్టే ప్రశ్న ఇది. మా తాతగారు రబ్బరు తోటకు కూలికి వచ్చారు. మా నాన్నగారు నన్ను పంతులును చేశారు. నెల జీతం విలువ తెలిసినవాణ్ణి కనుక, నేనూ ఒక శిష్యుణ్ణి ఇదే మాట అడిగాను. వాడు ట్రంపెట్ మానేశాడు. ఆ తప్పు ఒప్పుకుంటూ, అమెరికా దేశపు ట్రంపెట్ విద్వాంసులు అడాల్ఫ్ హెర్సెత్ గారి చరిత్ర ఇక్కడ చెబుతున్నాను.

ఆయన 1921లో మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టారు. తండ్రి బడిలో అధికారి, బ్యాండు కూడా నేర్పేవారు. కొడుకు కాలేజీలో గణితం చదివి, పంతులు కావాలనుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో నౌకాదళ బ్యాండులో వాయించారు. తరువాత బోస్టన్‌లో సంగీతం చదివారు. 1948లో షికాగో సింఫనీ వారు పిలిచి పరీక్షించి, ఏకంగా మొదటి ట్రంపెట్ స్థానమే ఇచ్చారు.

ఆ స్థానం సామాన్యం కాదు. పెద్ద వాద్యబృందంలో వయొలిన్లు ముప్పైదాకా ఉంటాయి; ట్రంపెట్లు మూడో నాలుగో. ఉన్నవారు దిగితేనే కొత్తవారికి చోటు. తప్పు పోతే దాచుకోవడానికి వీలుండదు. మాహ్లర్ అయిదవ సింఫనీ ఒంటరి ట్రంపెట్‌తోనే మొదలవుతుంది.

ట్రంపెట్‌లో నాదం పుట్టేది పెదవుల అదురులోనే. అటువంటిది, 1952లో కారు ప్రమాదంలో హెర్సెత్ గారి పెదవి, పళ్ళు దెబ్బతిన్నాయి. ఇక అయిపోయిందని ఆయన అనుకోలేదు. మళ్ళీ సాధన చేసి అదే కుర్చీలో కూర్చున్నారు. రైనర్, షోల్టీ, బారెన్‌బోయిమ్ వంటి సంగీత నిర్దేశకులు ఒకరి తరువాత ఒకరు మారారు. ఆయన మాత్రం 2001 దాకా, 53 ఏళ్ళు, మొదటి ట్రంపెట్‌గానే ఉన్నారు. 2013లో కన్నుమూశారు.

మన పెళ్ళిళ్ళలో నాదస్వరం ఊదేవారి ఊపిరి విలువ మనకు తెలియనిది కాదు. ఆ గౌరవమే బాకా పట్టిన బిడ్డకూ ఇద్దాం. అందరికీ అటువంటి కుర్చీ దొరకదు, నిజమే. హెర్సెత్ గారి చేతిలోనూ గణితం ఉంది. కనుక తల్లిదండ్రులకు నా మనవి: లెక్కలు చదివించండి, బాకా మాత్రం మాన్పించకండి.